చొక్కా చేతులు మడవని పిల్ల

మా అమ్మాయి అంట్లు తోముతూ కూడా చొక్కా చేతులు మడుచుకోని రోజున నాకు మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది.

ముందు మా చొక్కాల సంగతి చెప్పాలి. మాది జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న ఊరు. పత్తి, మిరప పండిస్తాం. మిరపకాయలు ఏరేటప్పుడు ఆడవాళ్లం చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాం. ఎండకూ, మిరప మంటకూ అదే కాపు. అందుకే మా వైపు పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్న ఆడపిల్లను చూసి ఎందుకు వేసుకున్నావని ఎవరూ అడగరు. పని చేసే పిల్ల అని మెచ్చుకుంటారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మా అఖిల సెమిస్టర్ పరీక్షలు రాసి ఇంటికి వచ్చింది. అఖిల అసలు పేరు కాదు, ఇది రాయడానికి తనే పెట్టుకున్న పేరు. రాయమన్నదీ తనే, చదివి కొన్ని చోట్ల కొట్టేయించిందీ తనే. అప్పుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. యూనివర్సిటీ హాస్టల్లో ఉండేది. వచ్చిన మర్నాడే వాళ్ల నాన్న పాత చొక్కా ఒకటి తొడుక్కుని మాతో చేనుకు బయలుదేరింది. మా అత్త మురిసిపోయింది.

"సూడుండ్రే, ఇంజినీరు సదువుతున్నా నా మనుమరాలికి టెక్కు లేదు. సొక్కా ఏసుకొని చేన్లకు వస్తున్నది" అని పక్క చేనివాళ్లకు కూడా వినిపించేలా చెప్పింది.

నాకూ గర్వంగానే ఉండింది. పని అయ్యాక ఇంటికి వచ్చి అందరం చొక్కాలు విప్పి దండెం మీద వేశాం. అఖిల విప్పలేదు. అన్నం తినేటప్పుడు కూడా అదే చొక్కా. మర్నాడూ అంతే. మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం బోరింగు దగ్గర అంట్లు తోముతుంటే చూశాను. చేతులు మోచేతుల దాకా తడిసి నీళ్లు కారుతున్నాయి.

"చేతులు మడుచుకోవే, తడుస్తున్నయ్" అన్నాను.

"మడుచుకుంట" అంది. మడవలేదు. మళ్లీ చెప్పాను. "ఏం కాదులే అమ్మా" అంది.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఏ పిల్ల బరువు తగ్గుతోందో ఎత్తుకుంటే చెప్పగలను. ఏ పిల్లవాడి కడుపులో పురుగులున్నాయో ముఖం చూసి చెప్పగలను. ఊరి తల్లులంతా నా దగ్గరికే వస్తారు. అలాంటిదాన్ని, తడిసిన చేతుల్ని చూసి ఏమనుకున్నానంటే, మిరప మంటకు దద్దుర్లు వచ్చుంటాయి, చూపించడానికి సిగ్గుపడుతోంది అనుకున్నాను. కొబ్బరినూనె సీసా తెచ్చి ఇచ్చాను. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, కాసేపటికి బయటికి వచ్చి "తగ్గింది" అంది. నేను నమ్మాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడినట్టైంది నా పని.

సెలవులు సాగుతున్న కొద్దీ తిండి తగ్గింది. చేనుకు రావడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. ఫోను కూడా ముట్టేది కాదు. ఫోను ముట్టని ఈ కాలపు పిల్లను చూస్తే భయపడాలని నాకు అప్పుడు తెలియదు, పోనీలే కళ్లకు విశ్రాంతి అనుకున్నాను. మా అత్త మాత్రం తేల్చేసింది: "దిష్టే. దాని సదువు మీద ఊరి కండ్లన్నీ పడ్డయ్. తాయెత్తు కట్టియ్యాలె."

చండ్రుగొండ వైపు తాయెత్తులు కట్టే ముసలి సాయిబు ఒకాయన ఉన్నాడు. మా పిల్లలకు చిన్నప్పుడు జ్వరం వచ్చినా, ఉలిక్కిపడినా ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లం. నలుగురం ఆటోలో వెళ్లాం. ఆయన ఏదో చదివి ఊది, తాయెత్తు చేతిలోకి తీసుకుని "బేటీ, చెయ్యి ఇటియ్యి. దండకు కడత" అన్నాడు. దండకు కట్టాలంటే చొక్కా చేయి పైకి జరపాలి. అఖిల చేయి వెనక్కి లాక్కుంది.

"సాయిబు తాత దగ్గర సిగ్గేందే" అని మా అత్త నవ్వుకుంటూ తనే ఆ చొక్కా చేయి పైకి లాగింది.

గాయాలు. పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. ఇంతకు మించి రాయను.

ఆ పెద్దాయనే మెల్లగా చొక్కా చేయి కిందికి దించి, తాయెత్తు మెడలో కట్టాడు. బయటికి వచ్చాక మా ఆయనతో "కోప్పడకుండ్రి. జల్దీ దవాఖానాకు చూపియ్యుండ్రి" అన్నాడు. మా ఆయనకు అది వినపడిందో లేదో తెలియదు. ఆటో ఎక్కీ ఎక్కగానే అడిగాడు.

"ఎవడు వాడు?"

"ఎవ్వడు లేడు నాన్నా."

"మరి ఎందుకు?"

"తెల్వదు."

ఆ 'తెల్వదు' మా ముగ్గురికీ మొండితనంలా వినిపించింది. ఆడపిల్లకు బాధ ఉందంటే ప్రేమ వ్యవహారమే అయి ఉంటుందని మా నమ్మకం. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మా అత్త గుండెలు బాదుకుంది. నేను మాత్రం పోలీసులా తయారయ్యాను. ఎవరైనా ఏమైనా అన్నారా, ర్యాగింగా, ఎవరైనా ఫోటోలు తీశారా, మేం ఏం తక్కువ చేశాం? ఒక్కో ప్రశ్నకు ఆ పిల్ల ముఖం ఇంకొంచెం మూసుకుపోయేది. అది కనిపిస్తూనే ఉంది, నా నోరు మాత్రం ఆగేది కాదు. ఊరకుంటే నేనేం చేస్తున్నట్టు?

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు. పిల్ల కాలేజీకి ఎందుకు పోలేదని అడిగినవాళ్లకు కామెర్లన్నాం. మా ఊళ్లో కామెర్లని చెప్పడం ఎంత పెద్ద తప్పో అప్పుడు గుర్తు రాలేదు. మర్నాడే పసరు మందు పట్టుకుని ఒకామె దిగింది. ఆమె గడపలో కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలలేదు. అఖిల మా అబద్ధం కోసం ఆ పసరంతా తాగింది. ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, ఏదిచ్చినా మింగేది.

చివరికి తన రూమ్‌మేట్ నస్రీన్‌కు ఫోన్ చేశాను. వాళ్లది ఖమ్మంలో గాజుల దుకాణం. నా గొంతు వినగానే ఏడ్చేసింది.

"ఆంటీ, నాకు తెల్సు. ఎవరికన్న చెప్తే నాతోని మాట్లాడనన్నది. వార్డెన్ మేడం రూమ్ దాక పోయి మర్లొచ్చిన. చెప్పాల్సుండె." ఆ తర్వాత తనే చెప్పింది. "ఖమ్మంలో ఒక డాక్టరమ్మ ఉన్నరు. మా అన్నను చూపిచ్చినం. మంచిగ మాట్లాడుతరు. తీస్కరండి."

అలా వెళ్లాం. ఆస్పత్రి బోర్డు మీద సైకియాట్రిస్ట్ అని ఉండటం చూసి మా ఆయన మెడలోని తువ్వాలు మూతికి చుట్టుకున్నాడు. మా ఊరివాళ్లు ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తెచ్చే రోజులు, ఎవరైనా చూస్తారని భయం. నేనూ కొంగు కప్పుకునే కూర్చున్నాను. మా ఇద్దరి వాలకం చూస్తే దొంగసొత్తు అమ్మడానికి వచ్చామనుకోవాలి. అఖిల ఒక్కతే మామూలుగా కూర్చుంది.

డాక్టరమ్మ ముందు పిల్లతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత, ఏమేం చెప్పవచ్చో పిల్లనే అడిగి, మమ్మల్ని పిలిచింది. మాతో వచ్చిన మా అత్త కూడా నేనూ వస్తానని లోపలికి వచ్చింది.

"అమ్మా, దీన్ని సెల్ఫ్ హార్మ్ అంటం, తనను తాను గాయం చేసుకునుడు. దాంతోని పాటు డిప్రెషన్ కూడ ఉన్నది. చచ్చిపోవాలని చేసుకోలేదంటున్నది. నేను నమ్ముతున్న. అయినా తేలిగ్గ తీసుకోవద్దు, ఇట్ల చేసుకునే పిల్లలకు ముందు ముందు ప్రాణానికి రిస్క్ పెరుగుతది. చావు మాట ఎప్పుడన్న వచ్చిందంటే పొద్దు చూడొద్దు, సీదా ఎమర్జెన్సీకి తీసుకురండి."

"కారణం ఏంది మేడం?" అన్నాను. నాకు కావలసింది అదొక్కటే.

"ఒక్క కారణం ఉండదమ్మా. రిస్క్ ఫ్యాక్టర్స్ ఉంటయ్, ఒకదాని మీద ఒకటి పడుతయ్."

ఆమె చెబుతూ పోయింది. ఇంగ్లీషులో చెప్పే పాఠాలు మొదటి సంవత్సరం నుంచీ అర్థం కావడం లేదట. ఎవరికీ చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక సబ్జెక్టు తప్పిందట. అదీ చెప్పలేదు. క్లాసులో అందరూ తనకంటే తెలివైనవాళ్లే అనిపిస్తుంది. నిద్ర లేదు. ఏం జరిగినా తప్పు తనదే అనుకుంటుంది. "మార్కులు తగ్గితే అందరు బాధపడుతరు. మీ అమ్మాయి తనకు తానే శిక్ష ఏసుకుంటది" అంది డాక్టరమ్మ.

నిజం చెబుతున్నాను, నాకు నిరాశ కలిగింది. నా ఉద్యోగంలో ప్రతిదానికీ ఒక దోషి దొరుకుతుంది. జ్వరానికి దోమ, విరేచనాలకు నీళ్లు. బరువు తగ్గితే గుడ్డు పెట్టాలి. ఇక్కడ పట్టుకుని కొట్టడానికి ఎవరూ లేరు, పెట్టడానికి గుడ్డూ లేదు. ఎవడో ఒక వెధవ ప్రేమించి మోసం చేశాడని ఆమె చెప్పినా బాగుండు, వాణ్ని నాలుగు తిట్టుకునేదాన్ని అనుకున్నాను.

అప్పుడు ఆమె అడిగింది. "అఖిల ఆఖరుసారి ఎప్పుడు ఏడ్చింది?"

నేను మా ఆయన్ను చూశాను. ఆయన నన్ను చూశాడు. మా ఇద్దరికీ గుర్తు రాలేదు. మా అత్త మాత్రం తడుముకోకుండా జవాబిచ్చింది.

"మా పిల్ల ఏడ్వదమ్మా. చిన్నప్పటి సంది గట్టిది."

"అవ్ పెద్దమ్మా. నేను గదే చెప్తున్న" అంది డాక్టరమ్మ.

ఐదో తరగతిలోనే అఖిలను గురుకులంలో వేశాం. మా పల్లెల్లో సీటు రావడమే గొప్ప. నెలకోసారి వెళ్లి, గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని తెచ్చిన కూరా అన్నం తినిపించి వచ్చేవాళ్లం. మేం లేచే సమయానికి చుట్టూ పిల్లలు తల్లుల చీరలు పట్టుకుని ఏడ్చేవాళ్లు. మా పిల్ల డబ్బా కడిగి ఇచ్చి, "జాగ్రత్తగ పోండ్రి" అని వెనక్కి తిరిగేది. మిగతా తల్లులు నన్ను చూసి అసూయపడేవాళ్లు. "నీ బిడ్డ ఎంత గట్టిదే" అనేవాళ్లు. ఆ మాట నాకు బస్సులో ఇంటిదాకా తీపిగా ఉండేది.

వైద్యం మొదలైంది. టాబ్లెట్లు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఆ వారాలు గడవవు. పొద్దున లేవగానే తగ్గిందా అని ముఖం చూడటం, తగ్గకపోవడం. వారానికోసారి కౌన్సెలింగ్ కోసం ఖమ్మం బస్సు. కౌన్సెలర్ "లోపల ఎట్లున్నది?" అని అడిగితే అఖిల "ఏం లేదు" అనేదట. చాలా రోజులు ఆ ఒక్క మాటే. లోపల ఉన్నదానికి పేరు పెట్టడం రాదు ఆ పిల్లకు. పెద్ద పెద్ద లెక్కలు చేసే పిల్లకు 'భయంగా ఉంది' అనడం రాదు.

ప్రమాదమైన వస్తువులు, మందులు చేతికి అందకుండా పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. నాకు ఒక పని దొరికింది కదా, రెచ్చిపోయాను. వంటింట్లో పదునైనవన్నీ సంచిలో వేసి అంగన్‌వాడీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక మా ఇంట్లో పప్పు, గుడ్లు, మళ్లీ పప్పు. ఒకరోజు మా అత్త విసిగిపోయి సొరకాయను గడపకేసి కొట్టి పగలగొట్టింది. "కోతులు గూడ ఇంతకన్న మంచిగ తింటయ్" అని తిడుతుంటే అఖిల నవ్వింది. నెలల తర్వాత విన్న నవ్వు. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

అదే రోజు సాయంత్రం తను నా పక్కన కూర్చుంది.

"అమ్మా, నువ్వు అవన్నీ దాసిపెట్టుడు మంచిదే. నాకు గూడ ధైర్యంగ ఉంటది. కానీ నువ్వు పొద్దుగూకులు నా చేతుల్నే చూస్తున్నవ్. నా మొఖం చూస్తలేవ్."

అది నిజం. ఆ రోజు నుంచి ముఖం చూడటం మొదలుపెట్టాను. చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? నవ్వితే నిజంగా నవ్విందా అని అనుమానం, పడుకుంటే నిద్రేనా అని అనుమానం. మందు గొంతులోకి దిగిందో లేదో చూడగలను. మనసులోకి దిగిందో లేదో ఏ తల్లి చూడగలదు?

వానాకాలం వచ్చేసరికి బాగా కోలుకుంది. డాక్టరమ్మ సరేనంటే మళ్లీ హాస్టల్‌కు పంపాం. ఈసారి నస్రీన్‌కు అన్నీ తెలుసు, వార్డెన్‌కూ తెలుసు. తప్పిన సబ్జెక్టు రాసింది. పాసైంది. నేను ఊరంతా చెప్పాను, అంగన్‌వాడీలో పిల్లలకు చక్కెర పంచాను. ఆ వారంలోనే నస్రీన్ ఫోన్ చేసింది. "ఆంటీ, మళ్ల చేసుకున్నది."

పాసయ్యాక ఎందుకు? తప్పినప్పుడు చేసుకుందంటే ఏదో అర్థముంది. బస్సులో కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "రిలాప్స్ అయితదని, మళ్ల తిరగబెట్టొచ్చని ముందే అనుకున్నం కదమ్మా. అంతా మొదటికొచ్చినట్టు కాదు. తీసుకురండి, మందు చూద్దాం. దారిల తిట్టొద్దు" అంది.

హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఈసారి నేను ఎందుకని అడగలేదు. తనే చెప్పింది.

"అందరికి చెప్పినవంట గదా అమ్మా. నాకు బుగులైంది. ఇగ అన్నీ పాస్ కావాలె."

మా వైపు బుగులంటే భయం. నేను పంచిన చక్కెర తనకు బరువైందన్నమాట. తిట్టినా దెబ్బే, మెచ్చుకున్నా దెబ్బే అయితే ఇక తల్లి ఏం మాట్లాడాలి? సంచిలోంచి నూనె సీసా తీసి తలకు నూనె పెట్టి జడ వేశాను. చిక్కు తీస్తుంటే ఊరికే కూర్చుంది. అంతకు మించి నాకేమీ చేతకాలేదు. తర్వాత ఖమ్మం వెళ్లాం. డాక్టరమ్మ మందు మార్చింది.

ఇప్పుడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మందు నడుస్తోంది, మోతాదు తగ్గించారు. కౌన్సెలింగ్ వీడియో కాల్‌లో. కొన్ని వారాలు బాగుంటాయి, కొన్ని బాగుండవు. ఫోన్ మోగితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి పరుగెత్తుతాను. పూర్తిగా తగ్గుతుందా అని అడిగాను. "చాలమందికి తగ్గుతది. ఎప్పుడని మాత్రం నేను చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ. కనీసం అబద్ధం చెప్పలేదు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం నేను పిల్లలకు అన్నం వడ్డిస్తున్నాను. మా సెంటర్‌కు అడవి గూడేల నుంచి కోయ పిల్లలు కూడా వస్తారు. కొత్తగా చేరినవాళ్లకు తెలుగు రాదు, తల్లి వెళ్లగానే ఏడుపు అందుకుంటారు. వాళ్ల కోసం నేను కోయలో నేర్చుకున్న మొదటి మాట 'ఏడవకు'. రెండు భాషల్లో ఏడవకు అని చెప్పగలిగినదాన్ని. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఎక్కువసార్లు అన్న మాట అదే అయి ఉంటుంది. అప్పుడే అఖిల ఫోన్ చేసింది.

"అమ్మా, పనిలున్నవా?"

"లేదు బిడ్డా, చెప్పు."

"ఏం లేదు."

గరిటె సెంటర్‌లో వంట చేసే ఆయమ్మకు ఇచ్చి వరండాలోకి వచ్చాను. ఏమీ అడగకుండా ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి "అమ్మా, ఇయ్యాల మంచిగ లేదు. బుగులైతుంది" అంది. అని ఏడ్చింది.

ఇరవై ఏళ్ల నా బిడ్డకు ఊహ తెలిశాక నేను విన్న మొదటి ఏడుపు అది. ఏడవకు అనే మాట అలవాటుగా నా నోటి చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. అంత దూరంలో ఉన్న పిల్లకు నేను చేయగలిగింది ఏమీ లేదు. బస్సు ఎక్కినా సాయంత్రానికి గానీ చేరను.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

మళ్లీ ఏడుపు. మళ్లీ "ఉన్నవా?"

"ఉన్న బిడ్డా. ఏడ్వు. నేను యాడికి పోను."

లోపల పిల్లల గోల, చెవిలో నా పిల్ల ఏడుపు. అయిపోయాక ముక్కు చీదుకుని, "అమ్మా, ఆకలైతుంది" అంది. "పోయి తిను" అన్నాను. ఆ సాయంత్రం కౌన్సెలర్‌తో కూడా తనే మాట్లాడిందట.

నేను వైద్యం చెప్పేంతదాన్ని కాను. గాయం కనిపిస్తే కేకలు వేయకండి, ఆలస్యం చేయకండి, డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్లండి. అది ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. మీ పిల్ల చాలా గట్టిదని ఎవరైనా మెచ్చుకుంటే, సంతోషపడే ముందు ఆ పిల్ల ఆఖరుసారి ఎప్పుడు ఏడ్చిందో గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే ఈ రోజే ఫోన్ చేయండి. "ఏం లేదు" అంటుంది. పెట్టేయకండి.